ఉత్తర హల్మహేరా భాషాకుటుంబము: వర్గీకరణమున కొన్ని సమస్యలు

1. ప్రస్తావన

భాషలను వర్గీకరించుట యనగా వాని పోలికలను లెక్కించి, పోలిక గలవానిని ప్రక్కప్రక్కన నిలుపుట యని సామాన్యముగా తలచుట కలదు. పోలిక కంటి కగపడునది, బంధుత్వము నిరూపింపవలసినది. ఈ రెంటికిని గల భేదము పెద్ద కుటుంబములలో కంటె చిన్న కుటుంబములలోనే స్పష్టముగా తెలియును. పెద్ద కుటుంబములకు ప్రాచీనశాసనములును, వాఙ్మయమును తోడుపడును; ఒక భాషలో లోపించిన సాక్ష్యము మఱియొక భాషలో లభించును. చిన్న కుటుంబములకు, అందును లిపి నిన్న మొన్న కలిగిన భాషలకు, అట్టి యాధారములు తక్కువ. అచ్చట పరిశోధకునకు పద్ధతి యొక్కటియే శరణ్యము. కావున ఇండోనేషియా దేశమున హల్మహేరా ద్వీపపు టుత్తరభాగమునందును, దాని పడమటనున్న చిన్న దీవులందును వ్యవహారములోనున్న పాపువా భాషల కుటుంబమును ఉదాహరణముగా గైకొని, వర్గీకరణమున నెదురగు ప్రశ్నలను వివరింప నుద్దేశించితిమి.

ద్రావిడభాషలపై పనిచేయు వారికి ఇంత దూరపు దీవులతో నేమి పని యని ప్రశ్నింపవచ్చును. మనకు పుట్టుకతో వచ్చిన భాషను గూర్చి ఆలోచించునపుడు అలవాటు మన కన్నులను కప్పును. పరిచయము లేని భాషలలో నా బాధ లేదు. అక్కడ సాధన చేసిన తర్కమును తిరిగి మన భాషలపై ప్రయోగించిన, అంతవఱకు సహజములని తోచిన కొన్ని యభిప్రాయములకు ఆధార మెంతయో తేటపడును.

2. ‘పాపువా భాషలు’ అను పేరు

మొదట ఈ పేరును గూర్చి యొక హెచ్చరిక యావశ్యకము. న్యూగినీ ద్వీపమునందును, పరిసరద్వీపములందును సుమారు 800 పాపువా భాషలు గలవు. ఈ ప్రాంతపు భాషలలో కొన్ని ఆస్ట్రోనేషియన్ కుటుంబమునకు చెందినవి. వానికి చెందని తక్కినవానికి ‘పాపువా’ యను పేరును సిడ్నీ రే 1890ల ప్రాంతమున ప్రచారమునకు దెచ్చెను. ఇది నిషేధరూపమైన పేరు. అది భాష యేమి కాదో చెప్పునే గాని యేమగునో చెప్పదు. మన వ్యాకరణములందలి ‘అన్యదేశ్యము’ను దీనితో పోల్చవచ్చును. తెలుగున వాడుకలోనున్న పారసీక, అరబ్బీ, పోర్చుగీసు, ఆంగ్ల పదములన్నియు అన్యదేశ్యములే. అంతమాత్రమున పారసీకమును పోర్చుగీసును ఈ పేరుచేత నొక కుటుంబమునకు చేరవు. అట్లే పాపువా భాషలన్నియు నొక కుటుంబము కాదు. అవి పదులకొలది కుటుంబములుగాను, ఏ బంధువును లేని యేకాకిభాషలుగాను విడిపోయియున్నవి. కావున నిచ్చట ప్రతి చిన్న కుటుంబమునకును ప్రత్యేకముగా సాక్ష్యము చూపవలసియుండును.

3. దేశము, భాషలు

హల్మహేరా నాలుగు ద్వీపకల్పములు గల దీవి. దాని దక్షిణభాగమున బూలి, మాబా, గానె మొదలగు ఆస్ట్రోనేషియన్ భాషలు గలవు. ఉత్తరభాగమున పాపువా భాషలు గలవు. ఈశాన్యతీరమున గలేలా, తొబేలో, వాయవ్యమున లొలోదా, లోనాటిలో తబారు, కావో అఖాతపు చుట్టుప్రక్కల మొదోలె, పాగు, కావో, పడమటి తీరమున జైలోలో సమీపమున సాహు, దాని బంధువులైన వాయియోలి, గమ్‌కొనోరా, ఈబూ. తీరమున కెదురుగా నున్న తెర్నాతె, తిదోరె దీవులలో ఆ పేళ్లుగల భాషలే కలవు. వీనికి దక్షిణమున మకియాన్ దీవి పడమటి భాగమున పశ్చిమ మకియాన్ భాష గలదు. లెక్కించు విధమునుబట్టి వీని సంఖ్యను 10 మొదలు 16 వఱకు చెప్పుదురు.

తెర్నాతె, తిదోరెలు లవంగవర్తకమునకు పేరొందిన సుల్తానుల రాజ్యములు. పోర్చుగీసువారు 1512లో తెర్నాతెను చేరిరి. మెగెల్లాను యాత్రలో మిగిలిన నావలు 1521లో తిదోరెను చేరినవి. అరబ్బులు, జావావారు, మలయా వర్తకులు, ఐరోపావారు ఈ రేవులలో కలిసికొనిరి. మలయా భాష వర్తకభాషయై వ్యాపించెను. అంతియ గాక, తెర్నాతె భాషయు సుల్తానుల అధికారముతోపాటు హల్మహేరా తీరగ్రామములందు గౌరవము నందెను. ఈ చరిత్ర ముందు చెప్పబోవు వాదమునకు ముఖ్యము. రాజభాషనుండి ప్రజాభాషకును, ఆ ప్రజాభాషనుండి పొరుగుభాషకును పదములు ప్రవహించిన చోట పదసామ్యము బంధుత్వమునకు సాక్ష్యమో, పొరుగుతనమునకు సాక్ష్యమో తేల్చుట సులభము కాదు.

4. పూర్వుల పరిశ్రమ

ఈ భాషల సామగ్రిని మొదట కూర్చినవారిలో అధికారులును క్రైస్తవ మతప్రచారకులును ముఖ్యులు. దె క్లెర్క్ 1890లో తెర్నాతె ప్రాంతమును గూర్చి వ్రాసిన గ్రంథమున భాషావిషయములను జేర్చెను. బార్దా గలేలా పదకోశమును 1895లోను, వ్యాకరణమును 1908లోను వెలువరించెను. హ్యూటింగ్ తొబేలో కోశమును 1908లోను, వ్యాకరణమును 1936లోను ప్రకటించెను. పాగు, మొదోలె భాషలను ఎల్లెన్ 1916లోను, తబారు భాషను ఫోర్ట్‌గెన్స్ 1928లోను పరిచయము చేసిరి.

వర్గీకరణచరిత్రలో 1915 ముఖ్యమైన సంవత్సరము. ఆ యేట వాన్ దెర్ వేన్ తన లైడెన్ సిద్ధాంతగ్రంథమున ఉత్తర హల్మహేరా భాషలను ఆస్ట్రోనేషియన్ భాషల కెదురుగా నిలిపి, రెంటి నిర్మాణము వేఱని విపులముగా ప్రతిపాదించెను. చుట్టును ఆస్ట్రోనేషియన్ భాష లుండుటయు, ఈ భాషలలో ఆ కుటుంబపు పదములు మెండుగా నుండుటయు చూచి మోసపోవుటకు తగినంత యవకాశము గల కాలమది. తరువాత వాదా 1980లో ఈ భాషల హల్లుల సంవాదములను పరిశీలించెను. ఫోర్‌హూవె 1988లో కుటుంబమంతటిని వర్గీకరించెను. తిదోరె, తొబేలో, పాగు మొదలగు భాషలకు ఆధునికవ్యాకరణములు ఇటీవలి దశాబ్దములలో వెలువడినవి.

5. బంధుత్వమునకు సాక్ష్యము

ఇచ్చట ఉదాహరణములను తెలుగు లిపిలో వ్రాయుచున్నాము. మనకు పదాదిని లేని కంఠ్యానునాసికము ఈ భాషలలో పదాదినిగూడ వచ్చును. దానిని ‘ఙ’ అని గుర్తించితిమి. అచ్చుల మధ్య సంధి చేయక విడిగా వ్రాసితిమి.

సర్వనామములతో నారంభింతము. గలేలా భాషలో ‘నేను’ ఙొహి, ‘నీవు’ ఙొన, ‘మనము’ ఙొనె, ‘మేము’ ఙొమి, ‘మీరు’ ఙిని. తొబేలోలోను ఇవే రూపములు. తెర్నాతెలో ‘నేను’ ఙొరి, ‘నీవు’ ఙన, ‘మనము’ ఙొనె, ‘మేము’ ఙొమి, ‘మీరు’ ఙొన్. మేము, మనము అను భేదము తెలుగువారికి వివరింప నక్కఱలేదు. ఆ భేద ముండుటయే బంధుత్వమునకు సాక్ష్యము కాదు. అది ఆస్ట్రోనేషియన్ భాషలందును, మన భాషలందును, మఱి పెక్కింటను గలదు. ఈ భాషలకు పొరుగు సంపర్కమువలన వచ్చినదేమో యనుటకును చోటు గలదు. అయితే ఆ భేదమును తెలుపు రూపములే భాషభాషకును ఒకటిగా నుండుట గమనింపదగినది. లక్షణ మెరువు వచ్చును. సర్వనామముల పట్టిక యంతయు రూపములతో సహా ఎరువు వచ్చుట మిక్కిలి యరుదు.

క్రియకు ముందు చేరు కర్తృప్రత్యయములు దీనినే బలపఱచును. గలేలా, తొబేలో భాషలలో ఉత్తమపురుషైకవచనమునకు తొ-, మధ్యమపురుషకు నొ-, పురుషుని గూర్చి వొ-, స్త్రీని గూర్చి మొ-, ‘మనము’ అను నర్థమున పొ- చేరును. తెర్నాతె, తిదోరెలలో ఇవి వదులై, తప్పక రావలసిన నియమము సడలినను, తొ, నొ, మొ, ఫొ అను రూపములు నిలిచియున్నవి. ఇచ్చట గలేలా పకారమునకు తెర్నాతె ఫకారము సంవాది.

ఇక పదములు. ‘చచ్చు’ అను నర్థమున గలేలా సొనె, తెర్నాతె సొనె, తొబేలో హొనెఙె. ‘రెండు’ గలేలాలో సినొతొ, తొబేలోలో హినొతొ. ‘మూడు’ గలేలాలో సాఙె, తొబేలోలో హఙె. గలేలా సకారమునకు తొబేలోలో హకారము నియతముగా వచ్చుచున్నది. స హగా మాఱుట లోకమున సామాన్యము. హ సగా మాఱుట యరుదు. కావున సకారమే మూలమనుట యుచితము. మన కుటుంబమున గోండీ మాండలికములందు స హగా మాఱి, ఆ హ కొన్నిచోట్ల పూర్తిగా లోపించిన క్రమమును భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో ప్రకటించిన వ్యాసమున విశదీకరించెను. ధ్వనిపరిణామమునకు దేశభేదము లేదనుటకు ఇది చాలును.

పదాంతమును పరిశీలింతము. ‘నీరు’ గలేలా, తెర్నాతెలలో అకె, తొబేలోలో అకెరె, పాగులో అకెల్. ‘చేప’ గలేలాలో నవొ, తొబేలోలో నఒకొ. ‘పది’ గలేలాలో మొగిఒవొ, తొబేలోలో మొగిఒవొకొ. పైన చెప్పిన హొనెఙెయు నిట్టిదే. తొబేలో పదములందు చివర నొక హల్లును, దానిపై నొక అచ్చును అధికముగా నున్నవి. అవి మూలమున నుండి గలేలాలో లోపించినవా, లేక తొబేలోలో క్రొత్తగా చేరినవా? చివరి అచ్చును చూడుడు: అకెరెలో ఎ తరువాత ఎ, నఒకొలో ఒ తరువాత ఒ, హొనెఙెలో ఎ తరువాత ఎ. చివరి అచ్చు ఎల్లప్పుడును దాని ముందటి అచ్చునకు ప్రతిధ్వని. ఇట్లు ముందుగానే ఊహింపదగిన అచ్చు మూలమున నుండినదనుట కంటె, హలంతపదమును పలుకుట కనువుగా తరువాత చేరినదనుట సమంజసము. కాని హల్లు ఏదో ఊహింపరాదు; ఒకచో ర, ఒకచో క, ఒకచో ఙ. కావున హల్లు మూలమునకు చెందినది. పాగు అకెల్ రూపమున హల్లు అచ్చు లేకయే నిలిచియున్నది. మూలభాషలో పదము హలంతము. తొబేలో అచ్చును చేర్చెను. గలేలా, తెర్నాతెలు హల్లును విడిచెను. ఇదే కార్యమును మనవారు మఱొక రీతిగా జేసిరి. తమిళమున కాల్, పాల్ అను హలంతములకు తెలుగున కాలు, పాలు అని ఉకారము చేరెను. మనది ఉకారము, వారిది ప్రతిధ్వని, అవసర మొక్కటియే.

ఈ సందర్భమున నొక మెలకువ చెప్పవలెను. ‘అయిదు’ గలేలాలో మొతొహ, తొబేలోలో మొతొఅ, తెర్నాతెలో రొమ్‌తొహ. ‘ఇల్లు’ గలేలాలో తహు, తొబేలోలో తఉ. వీనినిబట్టి గలేలా హకారము తొబేలోలో లోపించుననిన, ‘నేను’ అను నర్థముగల ఙొహి రెండు భాషలందును హకారముతోనే యున్నదేమి? సమాధానము తెర్నాతెలో గలదు. అచ్చట ‘అయిదు’లో హ యుండగా, ‘నేను’లో ర (ఙొరి) యున్నది. అనగా గలేలాలో నొకేవిధముగా వినబడు హకారము వెనుక రెండు వేర్వేఱు సంవాదములు గలవు. రెండు భాషలను మాత్రమే పోల్చిన అపవాదముగా తోచినది, మూడవభాష చేరగానే నియమముగా మాఱినది. అక్షర మొకటియైనంత మాత్రమున మూల మొకటి కాదు. సంవాదము నంతటిని పంక్తిగా వ్రాసికొనక, ఒక్కొక్క ధ్వనిని విడిగా చూచువారు ఈ చోటనే తడబడుదురు.

6. ఉపశాఖలు: దేనిని సాక్ష్యముగా గ్రహింపవలెను?

బంధుత్వము స్థిరపడిన పిమ్మట, ఏ భాష దేనికి దగ్గఱ యను ప్రశ్న వచ్చును. ఉమ్మడిగా నిలుపుకొన్న ప్రాచీనలక్షణములు ఉపశాఖను నిరూపింపవనియు, ఉమ్మడిగా జేసికొన్న నూతనపరిణామములే నిరూపించుననియు లెస్కీన్ 1876లో సూత్రీకరించెను. బ్రుగ్మన్ 1884లో దానిని బలపఱచెను. అన్నదమ్ములందఱును తండ్రియాస్తిని నిలుపుకొనవచ్చును. అందువలన వారిలో నిద్దఱు ప్రత్యేకముగా కలిసియుండి రని తేలదు. వేఱుపడిన తరువాత ఇద్దఱు కూడి యార్జించిన యాస్తియే వారి సహవాసమునకు సాక్ష్యము.

ఈ సూత్రముతో తెర్నాతె, తిదోరెలను పరీక్షింతము. ‘ఒకటి’ గలేలా, తొబేలోలలో మొఇ; తెర్నాతె, తిదోరెలలో రిమొఇ. తెర్నాతె ‘అయిదు’ రొమ్‌తొహ, గలేలా మొతొహ. తెర్నాతె, తిదోరెల సంఖ్యావాచకముల ముందు రేఫతోడి యుపసర్గము చేరినట్లున్నది. ఇది మూలమున నుండి గలేలాలో లోపించెననరాదా? అనరాదు. ఈ రెండు భాషలలోను ‘పది’ ఞగిమొఇ. అందు చివర మొఇ ఉపసర్గము లేక నిలిచియున్నది. సమాసములో చిక్కుకొన్న పాతరూపము సాక్ష్యమిచ్చుచున్నది: మొదట మొఇ, తరువాత రిమొఇ. ‘పది’కి ఞగి- అను పదము నేర్పఱచుకొనుటయు ఈ రెంటి యుమ్మడి లక్షణమే. కావున తెర్నాతె, తిదోరెలు ఒక యుపశాఖ యనుట దృఢము.

గలేలా సంగతి చూతము. పదాంతహల్లును విడుచుటలో గలేలా తెర్నాతెతో నేకీభవించును. ఇది నూతనపరిణామమే. అయినను గలేలాను తెర్నాతెతో జేర్పరాదు. ‘ఇల్లు’ మొదలగు పదములలో గలేలా తహు, తొబేలో తఉ ఒకవైపు, తెర్నాతె ఫల, తిదోరె ఫొల మఱొకవైపు నున్నవి. సంఖ్యలలో సినొతొ, హినొతొ లొక జట్టు. పదాంతహల్లు లోపించుట ఎక్కడనైనను, ఎన్నిసార్లయినను స్వతంత్రముగా జరుగదగిన సులభపరిణామము. సంఖ్యావాచకములకు కొత్త యుపసర్గము చేరుట యట్టిది కాదు. కావున నూతనపరిణామము లన్నిటికిని ఒకే తూనిక లేదు. సులభమైనవాని సాక్ష్యము బలహీనము. అసాధారణమైనవాని సాక్ష్యము ప్రబలము.

వాక్యక్రమమునకును ఈ తూనికయే వర్తించును. గలేలా, తొబేలోలలో మన భాషలందువలె క్రియ వాక్యాంతమున వచ్చును. సంబంధార్థకములు నామము తరువాత చేరును. తెర్నాతె, తిదోరెలలో కర్మ క్రియకు తరువాత వచ్చును. ఈ భేద మెంత ప్రస్ఫుటమైనను శాఖాభేదమునకు మూలస్తంభము కాజాలదు. మలయా వంటి భాషతో శతాబ్దములు కలిసి బ్రదికిన రేవుపట్టణముల భాషలు పదక్రమమును మార్చుకొనుట వింత కాదు. అయినను తెర్నాతె, తిదోరెలలో స్వామివాచకము నామమునకు ముందే నిలిచెను. తొబేలోలో ‘నా యిల్లు’ అహి తఉ. తిదోరెలో రి ఫొల. ఈ క్రమము కుటుంబపు పాతసొత్తు.

‘తొమ్మిది’ అను పదమును విడిగా చెప్పవలెను. గలేలా, తెర్నాతెలలో సివొ, తొబేలోలో హివొ. ఇది ఆస్ట్రోనేషియన్ భాషల సివ అను పదమునుండి వచ్చిన యెరువు. అయినను తొబేలోలో దీని సకారముగూడ హకారమైనది. కావున ఈ పదము తొబేలోలో స హగా మాఱుటకు పూర్వమే ఆ భాషలో చేరియుండెను. ఎరువుపదములు బంధుత్వమునకు సాక్ష్యమీయకున్నను, పరిణామముల పూర్వాపరక్రమమునకు సాక్ష్యమిచ్చును. వానిని పాఱవేయక వేఱుగా నుంచుట మంచిది.

ఈ రీతిని కుటుంబపు ప్రధానభాగమున మూడు గుంపులు తేలుచున్నవి: గలేలా, తొబేలో, లొలోదా, తబారు, పాగు, మొదోలెలతోడి ఈశాన్యశాఖ, సాహు మొదలగువాని శాఖ, తెర్నాతె, తిదోరెల శాఖ. మిగిలినది పశ్చిమ మకియాన్.

7. పశ్చిమ మకియాన్ సమస్య

మకియాన్ ఒక చిన్న అగ్నిపర్వతద్వీపము. దాని తూర్పున తాబా యను ఆస్ట్రోనేషియన్ భాష, పడమట ఈ పాపువా భాష. ఒకే కొండ యిరుప్రక్కల రెండు వేర్వేఱు కుటుంబముల భాషలు శతాబ్దములుగా నున్నవి. అందుచే పశ్చిమ మకియాన్ భాషలో పొరుగువారి పదము లెన్నియో చేరినవి. పదసామ్యమును శాతములలో లెక్కించి వర్గీకరించు పద్ధతికి ఇచ్చట గట్టిదెబ్బ తగులును. ఎరువుపదము చేరిన ప్రతిచోటను ఒక స్వకీయపదము తొలగును; అందుచే తన కుటుంబముతో శాతము తగ్గును. భాష నిజముగా దూరమైనందున శాతము తగ్గెనా, పొరుగు ప్రభావమున తగ్గెనా యను ప్రశ్నకు సంఖ్య సమాధానము చెప్పదు.

ఈ భాషలో ‘నేను’ దె, ‘నీవు’ ని, ‘మనము’ ఎనె, ‘మేము’ ఇమి, ‘మీరు’ ఇని. గలేలాలోని ఙొనె, ఙొమి, ఙిని లతో పోల్చిన, ఎనె, ఇమి, ఇని లకు కుటుంబముతో గల సంబంధము తెల్లము. భేద మెల్ల పదాదిని గల ఙకారమున నున్నది. దీనికి రెండు వివరణములు సాధ్యములు. పశ్చిమ మకియాన్ భాష పదాది ఙకారమును విడిచినదనుట యొకటి. ప్రధానభాగపు భాషలు సర్వనామమూలములకు ఙొ- అను నంశమును క్రొత్తగా చేర్చుకొన్నవనుట రెండవది.

ఇవి రెండును సమానముగా తోచినను, ఫలితములు వేఱు. మొదటిదే నిజమైన, జరిగినది ఒక భాషలోని ధ్వనిలోపము మాత్రమే. వర్గీకరణమున కేమియు తేలదు. రెండవదే నిజమైన, తక్కిన భాషలన్నియు కలిసి చేసికొన్న నూతనపరిణామము లభించినది. పశ్చిమ మకియాన్ అన్నిటికంటె ముందు విడిపోయిన శాఖ యగును. తేల్చుటకు ‘నేను’ అను పదము తోడ్పడును. ఙొహినుండి ఙకారమును తీసివేసిన దె రాదు. ఇది ధ్వనిలోపముచే వివరింపదగినది కాదు. కాని గలేలా, తొబేలోలలో ఉత్తమపురుష కర్తృప్రత్యయము తొ-. దె అను రూపము ఆ దంత్యమునకు దగ్గఱ. అట్లే ని యను రూపము మధ్యమపురుష ప్రత్యయములకు దగ్గఱ. అనగా పశ్చిమ మకియాన్ స్వతంత్రసర్వనామములు కుటుంబమంతటను ప్రత్యయములుగా మిగిలిన పాతమూలములతో పొందుపడుచున్నవి. కావున ఙొ- తరువాత చేరినదను రెండవ వివరణమే మాకు బలముగా తోచుచున్నది. ఎరువుల భారముచే దూరముగా కనబడు భాష యొక్క దూరము కొంతవఱకు నిజమైనదే. కాని దానికి సాక్ష్యము పదముల శాతము కాదు, సర్వనామముల నిర్మాణము.

మన కుటుంబమున నిట్టి పాఠ మొకటి గలదు. లిపిసామ్యమును, వాఙ్మయసంపర్కమును చూచి తెలుగు కన్నడమునకే మిక్కిలి దగ్గఱ యని తోచును. కాని తమిళమున ఉరల్, ఇరండు అని యుండగా తెలుగున రోలు, రెండు అని వర్ణవ్యత్యయముచే పదాదిని రేఫము వచ్చుట వంటి పరిణామములు తెలుగును గోండీ, కొండ, కూయి, కువి, పెంగొ మొదలగు భాషల ప్రక్కన నిలుపును. గ్రంథములు లేని అడవిభాషలు మన భాషకు నెంత యాప్తములో చెప్పినది తులనాత్మకపద్ధతియే.

8. కుటుంబమునకు ఆవల

ఈ కుటుంబమునకు పెద్దబంధువు లెవరు? కోవన్ 1950లలో దీనిని న్యూగినీ వాయవ్యమున పక్షిశిరమను పేరుగల ద్వీపకల్పపు భాషలతో జతచేసెను. ‘పశ్చిమ పాపువా’ వర్గమను భావన దానినుండి పెరిగెను. దీనికి ముఖ్యాధారము సర్వనామములే. ఆ ద్వీపకల్పమునందలి మైబ్రత్ భాషలో క్రియకు ముందు ‘నేను’ అను నర్థమున త్-, ‘నీవు’ అను నర్థమున న్-, బహువచనోత్తమపురుషకు ప్-, స్త్రీని గూర్చి మ్- చేరును. గలేలా తొ-, నొ-, పొ-, మొ- లతో పోల్చిన ఈ సామ్యము ఆశ్చర్యకరము.

అయినను తొందర కూడదు. తిదోరెలో ‘నీ యిల్లు’ ని ఫొల. ‘ని’ యను మాటకు తెలుగు ‘నీ’ యని యర్థము! మఱియు అచ్చటి ‘మేము’ అను ప్రత్యయము మి-; మన సర్వనామమును మకారాదియే. దీనినిబట్టి తెలుగునకును తిదోరెకును చుట్టరిక మున్నదని యెవ్వరు నొప్పరు. సర్వనామములు పొట్టిమాటలు, లోకమందలి భాషలు వానికి నకార, మకార, తకారముల వంటి కొద్ది హల్లులనే తఱచుగా వాడుకొనును. కావున ఒకటి రెండు పోలికలు యాదృచ్ఛికములు కావచ్చును. మైబ్రత్ విషయమున పోలిక నాలుగు స్థానములలో వరుసగా వచ్చుచున్నది. తెలుగు పోలికవలె తేలికగా త్రోసివేయరాదు. కాని దానికి తోడుగా నియతధ్వనిసంవాదములు గల పదసముదాయ మావశ్యకము. రేసింక్ 1998లో ఆ ద్వీపకల్పపు భాషల సామ్యములను సంపర్కమువలన నేర్పడిన భాషామండలముగా పరిశీలించెను. కావున ఉత్తర హల్మహేరా కుటుంబము నిరూపితము. పశ్చిమ పాపువా వర్గము ప్రతిపాదితము. ఈ రెండు మాటలను ఒకే స్థాయిలో వ్రాయరాదు.

9. వర్గీకరణమువలన కలుగు ఫలము

ఫోర్‌హూవె ఈశాన్యశాఖలోని రూపముల నన్యోన్యసామీప్యమునుబట్టి ఇంచుమించుగా నొకే భాష యొక్క మాండలికములుగా పరిగణించెను. తులనాత్మకదృష్టితో నది సమర్థనీయమే. కాని ‘మాండలికము’ అను మాట గ్రంథమునుండి వెలుపలకు వచ్చినపుడు దాని ఫలము వేఱు. తొబేలోకు వ్యాకరణ మున్నది గదా, పాగునకు వేఱుగా నేల యనుకొందురు. అట్లనుకొనియుండిన, పదాంతహల్లు మూలమునకు చెందినదని తేల్చిన అకెల్ వంటి సాక్షి మనకు దొరకకపోవును. పెద్దభాష మఱచినదానిని చిన్నభాష జ్ఞప్తియందుంచుకొనుట భాషాచరిత్రమున తఱచుగా జరుగును.

ఈ సాక్షులు నిలుకడగా నుండువారు కారు. మకియాన్ కొండ బ్రద్దలగునను భయముచే 1975లో ప్రభుత్వము ఆ దీవివాసులను హల్మహేరా మీది మాలిఫుత్ ప్రాంతమునకు తరలించెను. అది పాగు భాషాప్రాంతమునకు చేరినది. కొండ 1988లో పేలెను. మాలిఫుత్‌లో 1999లో చెలరేగిన కలహము ఉత్తర మలుకు ప్రాంతమంతట వ్యాపించి, అనేకులను నివాసభ్రష్టులను జేసెను. ఇట్లు చెదరిన కుటుంబములలో పిల్లలకు తెర్నాతె ప్రాంతపు మలయా యాసయే మొదటిభాష యగుచున్నది. ఈబూ భాష వ్యవహారమునుండి తప్పినది. ఒక శాఖకు చెందిన భాష తగిన వర్ణనము లేక నశించిన, ఆ శాఖను గూర్చిన కొన్ని ప్రశ్నలకు సమాధానము శాశ్వతముగా లభింపదు.

పరిశోధకవిద్యార్థులు గ్రహింపవలసిన క్రమ మిది. మొదట సామగ్రిని ప్రతి చిన్నభాషనుండియు విడిగా కూర్పవలెను. ఎరువులను గుర్తించి వేఱుచేయవలెను, పాఱవేయరాదు. సంవాదములను రెండు భాషలలో కాక అన్నిటను పంక్తులుగా నిలుపవలెను. నిలిచిన లక్షణమును, నూతనపరిణామమును వేఱుచేసి, నూతనపరిణామములందును సులభములైనవానిని తక్కువగా తూచవలెను. అటు పిమ్మటనే శాఖలను గీయవలెను. ఎమెనో 1955లో కొలామీ భాషకు వ్రాసిన గ్రంథమును, కృష్ణమూర్తి 1969లో కొండ భాషకు వ్రాసిన వ్యాకరణమును ఈ క్రమమున తొలిమెట్టు కెట్టి ప్రయోజన మున్నదో చూపుచున్నవి. మన రాష్ట్రముల కొండలలోను, అడవులలోను తెలుగునకు దాయాదులైన భాషలు ఇప్పటికిని పలుకబడుచున్నవి. హల్మహేరాలో పాగు భాష చేసిన యుపకారమును, ఇచ్చట నేదో యొక పల్లెభాష తెలుగు చరిత్రకు చేయదగియున్నది. దానిని మాండలికమని త్రోసివేయక, ముందుగా వినుట మన పని.